ఈ పాము విషపుదా, కాదా? ఈ ఒక్క ప్రశ్న వెనక ఉన్న జువాలజీ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక వాట్సాప్ ఫొటోతో మొదలుపెడదాం.

వానలు పడ్డాయంటే ఇలాంటి ఫొటో ఏదో ఒక గ్రూపులోకి రావాల్సిందే. బాత్రూమ్ మూలలోనో, చెప్పుల స్టాండ్ కిందనో చుట్ట చుట్టుకుని ఒక పాము. ముదురు రంగు ఒళ్లు, దాని మీద తెల్లటి అడ్డపట్టీలు. కింద ఒకటే మెసేజ్: "ఇది విషపుదా, కాదా? అర్జెంట్." పది నిమిషాల్లో ఇరవై జవాబులు వచ్చేస్తాయి. ఒకాయన "కట్లపాము, డౌటే లేదు" అంటాడు. ఇంకొకావిడ "ఏం చేయదు, వదిలేయండి" అంటుంది. ఒకతను ఫోన్‌లో ఏదో యాప్‌తో వెతికి ఇంగ్లీషు పేరు పెడతాడు. ఈలోగా ఎవరో సంబంధం లేకుండా రెండు పాములు పెనవేసుకున్న వీడియో ఫార్వర్డ్ చేసి "నాగుపాము, జెర్రిపోతు సయ్యాట, అరుదైన దృశ్యం" అని పెడతారు.

ముందు ఆ వీడియో సంగతి చెప్పేస్తాను. అలాంటి వీడియోల్లో ఎక్కువ వాటిలో ఉన్నవి రెండు మగ జెర్రిపోతులు. అవి సయ్యాట ఆడట్లేదు, కుస్తీ పడుతున్నాయి. నాగుపాముకీ జెర్రిపోతుకీ జత కుదరదు, అవి రెండూ వేరే జాతులు. కానీ మన తాతల కాలం నుంచి చెప్పుకుంటున్న మాట కదా, వీడియోలో రెండు పాములు కనపడగానే మన బుర్ర ఆ పాత కథని దానికి అతికించేస్తుంది. కళ్లతో చూసిందీ, చెవులతో విన్నదీ కలిసిపోయి, చూశాం అనే అనుకుంటాం.

ఈ రెండింటినీ విడదీయడానికి మనుషులకి సుమారు రెండు వేల ఏళ్లు పట్టింది. ఆ కథే జువాలజీ. మనలో బైపీసీ చదివినవాళ్లకి జువాలజీ అంటే వానపాము బొమ్మ, బొద్దింక జీర్ణవ్యవస్థ, నోరు తిరగని లాటిన్ పేర్లు. ఆ పేర్లు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో క్లాసులో ఎవరూ చెప్పరు. చెప్తే అసలు బట్టీ పట్టాల్సిన పనే ఉండదని నా ఫీలింగ్.

సరే, మొదటి సీన్ గ్రీసు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం. లెస్బోస్ అనే ద్వీపంలో ఒక ఉప్పునీటి కయ్య. దాని ఒడ్డున ఒక మనిషి జాలర్లని పట్టుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నాడు. ఈ చేప గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా? ఏ నెలలో వస్తుంది? ఏం తింటుంది? ఆయన పేరు అరిస్టాటిల్. మనకి ఫిలాసఫర్‌గా తెలుసు, కానీ ఆయన రాసిన వాటిలో పెద్ద భాగం జంతువుల గురించే. ఐదు వందలకు పైగా రకాల జంతువుల గురించి రాశాడు.

విని ఊరుకోలేదు, కోసి చూశాడు. కోడి పొదిగే గుడ్లలో రోజుకొకటి పగలగొట్టి లోపల ఏం మారిందో గమనించాడు. మూడు రోజులయ్యేసరికి ఒక చిన్న నెత్తుటి చుక్క టిక్ టిక్ అని కొట్టుకోవడం చూసి, అదే గుండె అని రాశాడు. డాల్ఫిన్ నీళ్లలో ఉన్నా ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకి పాలిస్తుంది అని రాశాడు. ఒక రకం సొరచేపలో పిల్ల, మన మనుషుల్లో లాగే, బొడ్డుతాడుతో తల్లి గర్భానికి అంటుకుని ఉంటుందని కూడా రాశాడు. ఆ చివరి మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1842లో జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ మళ్లీ సొరచేపల్ని కోసి చూసి, అరిస్టాటిల్ చెప్పింది కరెక్టే అని తేల్చాడు.

మరి ఆయన తప్పులు చేయలేదా? చేశాడు. తేనెపట్టులో పెద్ద ఈగని రాజు అనుకున్నాడు, అది రాణి. ఈల్ చేపలు బురదలోంచి పుడతాయన్నాడు. ఈల్ కడుపులో గుడ్లు ఎప్పుడూ కనపడలేదు కాబట్టి అలా అనుకున్నాడు. చూసినంతవరకే చెప్పాడు, చూసింది సరిపోలేదు. ఇలాంటి తప్పు నాకైతే పెద్ద తప్పుగా అనిపించదు. తర్వాత వచ్చినవాళ్లు చేసింది అసలు తప్పు. వాళ్లు కయ్య దగ్గరికి వెళ్లడం మానేసి, అరిస్టాటిల్ పుస్తకం చదవడం మొదలుపెట్టారు.

రోమ్‌లో ప్లినీ అనే పెద్దాయన క్రీస్తుశకం 77 ప్రాంతంలో 37 సంపుటాల ప్రకృతి చరిత్ర రాశాడు. అందులో ఏనుగులూ ఉంటాయి, తల లేకుండా ఛాతీ మీదే కళ్లున్న మనుషులూ ఉంటారు. విన్నదంతా ఒకే పళ్లెంలో వడ్డించేశాడు. పాపం ఆయన సోమరి మాత్రం కాదు. వెసూవియస్ అగ్నిపర్వతం పేలుతుంటే దగ్గర నుంచి చూడాలని, అక్కడ ఇరుక్కున్నవాళ్లని తీసుకురావాలని పడవలో వెళ్లి, అక్కడే చనిపోయాడు. కానీ ఆ పుస్తకాన్ని యూరప్ దాదాపు పదిహేను వందల ఏళ్లు నెత్తిన పెట్టుకుంది.

ఇప్పుడు చెప్పేది నాకు బాగా ఇష్టమైన భాగం. దీంట్లో మన దేశపు జంతువు ఉంది. 1514లో గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసువాళ్లకి ఒక ఖడ్గమృగాన్ని బహుమతిగా ఇచ్చాడు. దాన్ని ఓడలో లిస్బన్ తీసుకెళ్లారు. యూరప్‌లో వెయ్యేళ్లకు పైగా ఎవరూ ఖడ్గమృగాన్ని చూడలేదు. ఊరంతా జాతర. ఎవరో ఒక స్కెచ్ వేసి, ఉత్తరంతో పాటు జర్మనీకి పంపారు. అక్కడ ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే గొప్ప చిత్రకారుడు ఆ స్కెచ్ చూసి, ఉత్తరం చదివి, బొమ్మ చెక్కి అచ్చు వేశాడు. జంతువుని మాత్రం చూడలేదు. దాంతో ఏమైందంటే, ఖడ్గమృగానికి ఇనప కవచం తొడిగినట్టు పలకలు వచ్చాయి, కాళ్ల మీద పొలుసులు వచ్చాయి, భుజాల మధ్య వీపు మీద అదనంగా ఇంకో బుల్లి కొమ్ము మొలిచింది.

బొమ్మ ఎంత బాగుందంటే, రెండు వందల ఏళ్లకు పైగా యూరప్ పుస్తకాల్లో అదే కాపీ. 1550లలో జంతువుల మీద అతిపెద్ద పుస్తకం రాసిన గెస్నర్ కూడా దాన్నే వేసుకున్నాడు, వీపు మీద కొమ్ముతో సహా. అసలు జంతువేమో 1516లోనే ఓడ మునిగి చచ్చిపోయింది. సరిచూద్దామంటే జంతువు లేదు, ఫార్వర్డ్ మాత్రం తిరుగుతూనే ఉంది. చివరికి 1741లో మన దేశం నుంచే ఇంకో ఖడ్గమృగం, క్లారా అని పేరు పెట్టారు దానికి, హాలండ్ చేరింది. పదిహేడేళ్ల పాటు దాన్ని ఊరూరా తిప్పారు. జనం కళ్లారా చూశారు, చిత్రకారులు ఎదురుగా నిలబడి గీశారు. అప్పటికిగానీ ఆ వీపు మీద కొమ్ము రాలిపోలేదు.

ఇదంతా వినగానే "అంటే జువాలజీ మొత్తం యూరప్ కథేనా" అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు. కాదు. 1621లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ దగ్గరికి ఆఫ్రికా నుంచి ఒక జంతువుని తెచ్చారు. గాడిదలా ఉంది, ఒళ్లంతా నలుపు తెలుపు చారలు. జీబ్రా. దర్బారులో కొందరికి అనుమానం వచ్చింది, ఎవరో రంగు వేసి మోసం చేస్తున్నారని. పరీక్షగా చూసి, అవి పుట్టుకతో వచ్చిన చారలే అని తేల్చుకున్నాక, ఆ సంగతంతా జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మన్సూర్ అనే చిత్రకారుడితో ఎదురుగా పెట్టి బొమ్మ వేయించాడు. లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి ఒక సారస్ కొంగల జంటని పెంచి, అవి ఎప్పుడు జతకట్టాయి, గుడ్లు ఎప్పుడు పెట్టాయి, ఎవరెప్పుడు పొదిగారు అన్నీ నోట్ చేయించాడు. అది పక్కా జువాలజీనే. కానీ రాజుగారు పోయాక ఆ పని కొనసాగించడానికి ఒక సంస్థ లేదు, శిష్యులు లేరు, ఇంకొకరు వచ్చి సరిచూసే ఏర్పాటు లేదు. తేడా అక్కడ వచ్చింది.

ఆ సరిచూసే ఏర్పాటు ఎలా ఉంటుందో చూడాలంటే 1668లో ఇటలీ వెళ్లాలి. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుడతాయని అప్పట్లో అందరి నమ్మకం. మన ఊళ్లలో కూడా "వానకి పురుగు పుట్టింది" అంటాం కదా, అలాంటిదే. ఫ్రాన్సిస్కో రెడీ అనే డాక్టరు కొన్ని సీసాల్లో మాంసం పెట్టి మూతులు తెరిచి ఉంచాడు, కొన్నింటికి పలచటి బట్ట కట్టాడు. తెరిచిన వాటిలో ఈగలు వాలాయి, పురుగులు పట్టాయి. బట్ట కట్టిన వాటిలో మాంసం కుళ్లింది కానీ పురుగు లేదు. ఈగలు ఆ బట్ట మీదకొచ్చి వాలాయి, లోపలికి మాత్రం వెళ్లలేకపోయాయి. అంతే. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకుని చూడొచ్చు, అమ్మ ఒప్పుకుంటే. "నేను చెప్తున్నాను నమ్ము" అనే మాట పోయి "నువ్వే చేసి చూసుకో" అనే మాట వచ్చింది.

ఇక పేర్ల సంగతి. రెండు దేశాల మనుషులు ఒకే జంతువు గురించి మాట్లాడుకుంటున్నారో లేదో తెలియాలంటే అందరికీ ఒకే పేరు ఉండాలి. స్వీడన్‌కి చెందిన కార్ల్ లినేయస్ 1735లో పన్నెండు పేజీల పెద్ద సైజు పుస్తకం ఒకటి వేశాడు. దాన్ని పెంచుతూ పెంచుతూ 1758లో పదో ముద్రణ తెచ్చాడు. జంతువులన్నిటికీ రెండు ముక్కల పేరు పెట్టింది అందులోనే. ఇప్పటికీ జంతువుల శాస్త్రీయ నామాలకి అధికారికంగా ఆ పుస్తకమే మొదలు. మొదట్లో చేపల్లో కలిపేసిన తిమింగలాన్ని తీసి పాలిచ్చే జంతువుల్లో వేసిందీ ఈ ముద్రణలోనే. అరిస్టాటిల్ చూసిన విషయం పుస్తకంలో సరైన చోటికి రావడానికి రెండు వేల ఏళ్లు పట్టిందన్నమాట. మన ఖడ్గమృగానికి అధికారిక పేరు వచ్చిందీ ఆ ఏడాదే. క్లారా చచ్చిపోయిందీ ఆ ఏడాదే.

ఇప్పుడు మన పాము దగ్గరికి వచ్చేద్దాం. విశాఖపట్నం, 1780లు. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు వైజాగపటం అనేవాళ్లు. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు అక్కడికి వచ్చాడు. ఆయన తమ్ముడు కంపెనీ ఉద్యోగి, ఆయనతో పాటు వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ రసెల్‌ని మద్రాసు ప్రాంతానికి తమ నేచురలిస్ట్‌గా పెట్టుకుంది. మొక్కలు, చేపలు, పాములు, అన్నీ ఆయన పని. కంపెనీకి సైన్స్ మీద ప్రేమ పొంగిపొర్లి ఇదంతా చేయించలేదు, వాళ్ల లెక్కలు వాళ్లవి. అయినా ఒక ప్రశ్న మాత్రం అందరిదీ. ఈ పాముల్లో ఏది చంపుతుంది, ఏది చంపదు?

ఊళ్లోవాళ్లని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవాళ్లు, మన వాట్సాప్ గ్రూపు లాగే. రసెల్ ఏం చేశాడంటే, మనుషుల చేత పాముల్ని తెప్పించుకున్నాడు. ఒక్కోదానికీ ముందు స్థానికులు ఏ పేరు చెప్తే ఆ పేరు, తన చెవికి వినపడ్డట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. తర్వాత పొడవు కొలిచాడు, పొట్ట కింద అడ్డ పొలుసులు ఎన్ని, తోక కింద ఎన్ని అని లెక్కపెట్టాడు, లినేయస్ చెప్పిన పద్ధతిలో. నోరు తెరిచి కోరలున్నాయా, వాటిలో విషం వచ్చే దారి ఉందా అని చూశాడు. అప్పటికీ తేలకపోతే కోళ్లనీ కుక్కలనీ కాటేయించి ఏమవుతుందో చూశాడు. ఇవాళ ఆ పని వింటే ఒళ్లు జలదరిస్తుంది, అది నిజమే. కానీ దాంతో తేలింది చాలా పెద్ద విషయం. జనం భయపడి చంపుతున్న పాముల్లో ఎక్కువ వాటికి అసలు విషమే లేదు. విషమున్నవి కొన్నే. కాబట్టి ఆ కొన్నింటినీ గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

ఆయన పుస్తకం 1796లో వచ్చింది, కోరమాండల్ తీరపు పాముల మీద, రంగు బొమ్మలతో. అందులో ఒక పాముకి రాసిన స్థానిక పేరు "కాటుక రేకుల పొడ". ఎంత అందంగా ఉందో చూడండి, కాటుక రేకుల్లాంటి పొడలు. మన రక్తపింజర అదే. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1797లో, లండన్‌లో దానికి రసెల్ పేరే కలిపి శాస్త్రీయ నామం పెట్టారు. అందుకే ఇంగ్లీషులో ఇప్పటికీ రసెల్స్ వైపర్. కాటుక రేకులు పోయాయి, దొరగారి పేరు వచ్చింది.

కానీ ఇంకో పాము దగ్గర కథ తిరగబడింది. పసుపు, నలుపు పట్టీలున్న ఒక పాముకి రసెల్ తన పుస్తకంలో "బంగారు పాము" అనే తెలుగు పేరు ఎక్కించాడు. ఫ్రాన్స్‌లో దోదాఁ అనే శాస్త్రవేత్త 1803లో ఈ రకం పాములకి ఒక ప్రజాతి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పుస్తకం చూసి ఆ మాటనే తీసుకున్నాడు. బంగారస్. మన కట్లపాము శాస్త్రీయ నామం బంగారస్ సెరూలియస్. ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రవేత్త కట్లపాము గురించి రాసినా, తెలియకుండానే మన "బంగారు" అనే మాట రాస్తాడు. ఎగ్జామ్‌లో నోరు తిరగలేదని మనం తిట్టుకునే లాటిన్ పేరులో ఉన్నది తెలుగు. నాకు ఇది మొదటిసారి తెలిసినప్పుడు ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో అర్థం కాలేదు.

ఆ పేరు రసెల్‌కి చెప్పింది ఎవరు? పాముని పట్టి తెచ్చింది ఎవరు? అది మనకి మిగల్లేదు. 1803లో ఆయన విశాఖపట్నం చేపల మీద ఇంకో పుస్తకం వేశాడు, రెండు వందల చేపలు. ఆ రెండు వందల చేపలూ ఏ జాలరి వలలోంచో వచ్చినవే కదా. లెస్బోస్ జాలర్ల పేర్లు ఎలా లేవో, వీళ్ల పేర్లూ అలాగే లేవు.

ఆ తర్వాత 19వ శతాబ్దం చకచకా నడిచింది. అంతకు కొంచెం ముందే, 1796లో, ఫ్రాన్స్‌లో కువియె మామత్ ఎముకల్ని ఏనుగు ఎముకలతో పోల్చి, ఇది ఇప్పుడున్న ఏ ఏనుగూ కాదు, పూర్తిగా అంతరించిపోయిన జంతువు అని చూపించాడు. ఒక జాతి మొత్తం లేకుండా పోవచ్చు అనే ఆలోచన అప్పటిదాకా చాలామంది ఒప్పుకోలేదు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. లినేయస్ జంతువుల్ని డబ్బాల్లో సర్దితే, ఆ డబ్బాలు ఒకదానిలో ఒకటి ఎందుకు సరిపోతున్నాయో డార్విన్ చెప్పాడు. అవి డబ్బాలు కావు, ఒకే కుటుంబంలో కొమ్మలు. ఆ పుస్తకానికి ముందు ఎనిమిదేళ్లు ఆయన సముద్రపు రాళ్లకి అంటుకుని ఉండే బార్నకిల్స్ అనే జీవుల్ని కోసి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఎనిమిదేళ్ల గురించి రీల్స్ ఎవరూ చేయరు.

మన దేశంలో కలకత్తాలో 1814లో మ్యూజియం మొదలైంది. 1916లో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వచ్చింది. దొరికిన జంతువుని దాచిపెట్టి, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరికి అనే చీటీ కట్టి ఉంచడం మొదలైంది. జహంగీర్ దగ్గర లేనిది ఇదే.

ఆ చీటీ విలువ ఏంటో కడపలో తెలిసింది. 1848లో జెర్డన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు పంపిన పిట్ట ఒకటి కలకత్తా మ్యూజియంలో ఉన్న బ్లైత్ చేతికి వచ్చి, కొత్త జాతిగా పేరు పెట్టించుకుంది. పొడవు కాళ్లు, గుండె మీద రెండు గోధుమ పట్టీలు. 1900 తర్వాత అది ఇంకెవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. సలీం అలీ లాంటివాళ్లు వెతికినా దొరకలేదు. 1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు ఆ పిట్ట బొమ్మలు పట్టుకుని కడప పల్లెల్లో తిరిగాడు. ఈ పిట్ట ఎవరికైనా తెలుసా? తెలుసు అన్నారు. కలివి కోడి. కలివి పొదల దగ్గర తిరుగుతుంది, రాత్రిపూట. ఇంతకాలం వెతికినవాళ్లు ఎక్కువగా పగలు వెతికారు!

అయినా "తెలుసు" అన్న మాట చాలదు, పిట్ట కావాలి. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. 86 ఏళ్ల తర్వాత. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు, అది మాత్రం బాధ. కానీ దాని వల్లే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు ఇప్పటికీ జెర్డన్స్ కోర్సర్. అయితే ఈసారి ఐతన్న పేరు రికార్డులో ఉంది. రసెల్ కాలానికీ దీనికీ అదొక్కటి తేడా.

చీటీ అన్నాను కదా. 1917లో కోలార్ గనుల ప్రాంతంలో ఎవరో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లాండ్‌లో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియం సొరుగులో పడి ఉంది. దాదాపు వందేళ్ల తర్వాత దాని పెంకులోంచి డీఎన్ఏ తీసి, పాత పిట్ట కాలి చర్మంలోని డీఎన్ఏతో పోలిస్తే సరిపోయింది. కలివి కోడి గుడ్డే. చీటీ మీద కోలార్ అని లేకపోతే అది కడప దాటి అక్కడ కూడా ఉండేదన్న సంగతి మనకి తెలిసేదే కాదు.

పాముల విషయానికొస్తే, ఇది చరిత్ర కాదు, ఇవాళ్టి సంగతి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెలవాళ్లే. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇంకా సా స్కేల్డ్ వైపర్ అనే చిన్న పింజర. ఏ పాములు ఎక్కువ చంపుతున్నాయో గుర్తుపట్టగలిగారు కాబట్టే ఆ నాలుగూ. ఆ విషంలో చాలా భాగం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? చెన్నై దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి. 1978లో పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ ఇరులల్లో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పేపర్లో ఆ ఫొటో చూసినప్పుడు నాకు వైజాగ్‌లో రసెల్‌కి పాములు తెచ్చిన ఆ పేరులేని మనుషులే గుర్తొచ్చారు.

సరే, మొదట్లో చెప్పిన ఫొటో. కట్లపాముకి పట్టీలు తల దగ్గర మాసిపోయినట్టుండి తోక వైపు స్పష్టమవుతాయి, వెన్ను మీద ఒక వరుస పొలుసులు మిగతావాటికన్నా పెద్దగా ఆరు పలకలతో ఉంటాయి. విషం లేని వుల్ఫ్ స్నేక్‌కి తిరగేసి, పట్టీలు తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. ఇది తెలిసిందని దగ్గరికి వెళ్లి పొలుసులు లెక్కపెట్టకండి దయచేసి. దూరం నుంచి జూమ్ చేసి తల నుంచి తోక దాకా పడేలా ఫొటో తీయండి, ఊరు, తేదీ రాయండి, పాములు పట్టేవాళ్లకి ఫోన్ చేయండి. కాటు పడితే మాత్రం ఫొటో, పాము ఏదీ వద్దు. కట్టు కట్టడాలు, కోయడాలు లేకుండా, నడిపించకుండా, నేరుగా ఆసుపత్రికి. కట్లపాము కాటు నొప్పి కూడా సరిగ్గా తెలియదు, చీమ కుట్టిందనుకుని పడుకుంటారు.

ఆ ఫొటో నిజంగానే నేనున్న గ్రూపులోకి వచ్చింది. పట్టీలు మెడ దగ్గర తెల్లగా, తోక దగ్గర మాసిపోయి ఉన్నాయి. వుల్ఫ్ స్నేక్. అదే టైప్ చేసి పంపాను. నా మెసేజ్ కింద వెంటనే ఇంకో ఫొటో వచ్చింది, పక్కన కర్రతో. అప్పటికే చంపేశారు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ ఊళ్లో కట్లపాముని ఏమంటారో, రక్తపింజరని ఏమంటారో ఊరి పేరుతో సహా కామెంట్లలో రాయండి. ఉంటాను.